తోట కాపలాలో తుపాకి: గాలిలోకి కాల్చి బెదరగొట్టడం చట్టానికి ఒప్పుతుందా, అసలు మంచి ఆలోచనేనా?

దేవరకొండ బత్తాయి:

సభ్యులందరికీ నమస్కారం. దేవరకొండ వైపు గుట్టల నడుమ మాకు బత్తాయి తోట ఉంది. తోటలోనే రెండు గదుల ఇల్లు కట్టుకుని, పెద్దవాళ్లైన అమ్మానాన్నలతో, భార్యాపిల్లలతో ఉంటున్నాను. ఊరు కాస్త దూరం. కొంతకాలంగా మా చుట్టుపక్కల బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లను దించి రాగితీగ ఎత్తుకుపోవడం ఎక్కువైంది. వచ్చేవాళ్లు ఒంటరిగా రారు, చేతుల్లో ఇనుప రాడ్లు, కట్టర్లు ఉంటాయి. నాన్నగారి పన్నెండు బోరు డబుల్ బారెల్ తుపాకి లైసెన్సు ఇప్పుడు నా పేరిట ఉంది, దాన్ని నేను వాడిన సందర్భం ఇంతవరకు రాలేదు.

ఊళ్లో ఎవరినడిగినా, "మనిషి మీదికి కాల్చకు, పైకి కాల్చు, ఆ చప్పుడుకే పారిపోతారు, నిన్ను ఎవరూ ఏమీ అడగరు" అంటున్నారు. ఈ మాటలో చివరి భాగం మీదే నాకు అనుమానం. దొంగలు మోటారు దగ్గర ఉన్నప్పుడు గాలిలోకి ఒక్క గుండు పేలిస్తే చట్టం ఏమంటుంది? చట్టం సంగతి పక్కన పెట్టినా, అది తెలివైన పనేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాలమూరు వకీలు:

మీ అనుమానం సరైనదే. "పైకి కాలిస్తే ఎవరూ అడగరు" అన్న మాట మన జిల్లాల్లో తరతరాలుగా ఉన్నది, కానీ దానికి చట్టంలో ఆధారం లేదు.

ఆత్మరక్షణ హక్కు ఇంతకుముందు భారత శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లలో ఉండేది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 34 నుంచి 44 వరకు సెక్షన్లుగా ఉన్నాయి, సారంలో పెద్ద మార్పు లేదు. మీ ప్రశ్నకు వీటిలో 37, 41, 42 ముఖ్యం. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదనీ, ప్రభుత్వ యంత్రాంగం సాయం పొందడానికి వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కే ఉండదనీ 37 చెబుతుంది. ఆస్తిని కాపాడుకోవడంలో ప్రాణం తీసేదాకా వెళ్లగలిగేది ఎప్పుడో 41 చెబుతుంది: దోపిడీ జరుగుతున్నప్పుడు, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయానికి ముందు తలుపులు పగులగొట్టి ఇంట్లో చొరబడుతున్నప్పుడు, మనుషులు నివసించే లేదా సామాను భద్రపరిచే కట్టడానికి నిప్పు పెడుతున్నప్పుడు, లేదా దొంగతనమో చొరబాటో జరుగుతున్న తీరును బట్టి ప్రాణం పోతుందని, తీవ్రగాయం తగులుతుందని న్యాయమైన భయం కలిగినప్పుడు. ఈ కోవలోకి రాని ఉత్త దొంగతనమైతే 42 ప్రకారం ప్రాణహాని తప్ప మిగతా హానికే అనుమతి ఉంది.

ఇప్పుడు మీ తోటకు వద్దాం. ఇంటికి దూరంగా మోటారు దగ్గర కేబుల్ కోస్తున్నవాడు చేస్తున్నది దొంగతనం. అతను రాడ్ ఎత్తి మీ మీదికి వచ్చిన క్షణంలో అది వేరే నేరంగా మారుతుంది, మీ హక్కు కూడా అప్పుడే పెరుగుతుంది. ఆ క్షణానికి ముందు తుపాకి పేల్చితే, అది పైకి పేల్చినా పక్కకు పేల్చినా, మీ చర్యను సమర్థించుకోవలసిన బరువు మీ మీద పడుతుంది. సాక్ష్య అధినియమంలోని 108వ సెక్షన్ ప్రకారం మినహాయింపు కోరే ముద్దాయే దానిని చూపించాలి. అయితే ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు, జరిగి ఉండే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలు.

ఇక ఆయుధాల చట్టం వేరుగా ఉంది. 2019 సవరణతో 25వ సెక్షన్‌లో తొమ్మిదో ఉపవిభాగం చేరింది. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా గాని సంబరాల్లో గాని తుపాకి పేల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరికీ గాయం కాకపోయినా ఈ నేరం పూర్తవుతుంది. దీనికి తోడు ఇతరుల ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టడం గురించి చెప్పే న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉండనే ఉంది. ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద కలెక్టర్ మీ లైసెన్సును నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ఆచరణలో జైలుశిక్ష కంటే ముందు జరిగేది ఇదే.

మిర్యాలగూడ మిల్లు:

వకీలు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆయన చెప్పిన 37వ సెక్షనే అవసరానికి మించిన హాని వద్దంటోంది కదా. రాడ్లు పట్టుకున్న ముగ్గురు నలుగురు మనుషులు, ఇంట్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఇలాంటప్పుడు మనిషిని కొట్టకుండా, కాల్చకుండా, ఒక్క చప్పుడుతో వాళ్లను పంపించగలిగితే అంతకంటే తక్కువ హాని ఇంకేముంటుంది? నేరుగా గుండెల మీదికి కాల్చినవాడికి ఆత్మరక్షణ ఉండి, మానవత్వంతో పైకి కాల్చినవాడికి కేసు ఉంటుందంటే, చట్టం మనిషిని చంపమని ప్రోత్సహించినట్టే కాదా? మా మిల్లులో ధాన్యం డబ్బులు ఉండే రోజుల్లో కాపలా మనిషి తుపాకితో కూర్చుంటాడు. ఆయన మొదట హెచ్చరించాలనే నేను కోరుకుంటాను.

పాలమూరు వకీలు:

మీ వాదనలో బలం ఉంది, దానిని నేను తోసిపుచ్చను. ప్రాణభయం నిజంగా ఉన్నప్పుడు, నేరుగా కాల్చే హక్కు ఉన్నవాడు ముందు గాలిలోకి కాలిస్తే, అతను నిగ్రహం చూపాడని కోర్టు ముందు గట్టిగా చెప్పవచ్చు. పెద్ద హానికి హక్కు ఉన్నచోట చిన్న హానికి హక్కు లేకుండా పోదు. చిక్కు అక్కడ కాదు. చిక్కు ఎక్కడంటే, గాలిలోకి కాల్చేవారిలో ఎక్కువమంది ఆ హక్కు ఇంకా పుట్టని సమయంలో కాలుస్తారు. నేరుగా కాల్చేంత ప్రమాదం లేదు కాబట్టే పైకి కాల్చానని పోలీసులకు వాళ్లే వాంగ్మూలం ఇస్తారు. ఆ ఒక్క వాక్యం వారి ఆత్మరక్షణ వాదనను వారి నోటితోనే తీసేస్తుంది. ప్రమాదం లేదని మీరే ఒప్పుకున్నాక తుపాకి ఎందుకు పేలిందన్న ప్రశ్నకు సమాధానం మిగలదు.

పైకి కాల్చడం ఎంత నిరపాయమో చెప్పే తీర్పు ఒకటి ఉంది. భగవాన్ సింగ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఉత్తరాఖండ్, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చినది. కొడుకు పెళ్లి సంబరంలో తండ్రి తుపాకిని పైకప్పు వైపు పెట్టి పేల్చాడు. గుళ్లు చెదిరి అతిథులకు తగిలాయి, ఇద్దరు చనిపోయారు. చంపాలన్న ఉద్దేశం లేదని కోర్టు ఒప్పుకుని హత్య సెక్షన్ తీసేసింది గాని, మనిషి చనిపోవచ్చునని తెలిసి చేసిన పని అంటూ పాత శిక్షాస్మృతి 304 రెండో భాగం (హత్య కిందికి రాని నరహత్య) కింద నేరాన్ని నిలిపింది. అది ఆత్మరక్షణ కేసు కాదు, నిజమే. అయినా "నేను ఎవరికీ గురి పెట్టలేదు" అన్న మాట మనిషిని ఎంతదాకా కాపాడుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. అదే తీర్పులో ఆకాశం వైపు కాల్చి ఉండవలసిందన్న అర్థంలో ఒక వ్యాఖ్య కూడా ఉంది, మిల్లు యజమాని గారు దానిని తమకు అనుకూలంగా వాడుకోవచ్చు. న్యాయంగా రెండు వైపులా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

వనపర్తి మాజీ సైనికుడు:

చట్టం వకీలు గారు చూసుకుంటారు, తూటా సంగతి నేను చెబుతాను. పైకి వెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి. మొదటి ప్రపంచయుద్ధం తరువాతి కాలంలో అమెరికా సైన్యం చేసిన పరీక్షలను జూలియన్ హాచర్ అనే సైనికాధికారి నమోదు చేశాడు. సరిగ్గా నిలువుగా కాల్చిన రైఫిల్ తూటా తిరిగి కింద పడేటప్పుడు సెకనుకు సుమారు 300 అడుగుల వేగంతో దిగింది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి 200 అడుగుల వేగం సరిపోతుంది. కాని అర్ధరాత్రి గాభరాలో సరిగ్గా నిలువుగా కాల్చేవాడు ఎవరూ ఉండరు. చేయి వంగి, నాళం వాలుగా ఉంటుంది. వాలుగా వెళ్లిన తూటా తన వేగంలో ఎక్కువ భాగాన్ని నిలుపుకుని, కాల్చినవాడికి కనిపించనంత దూరంలో దిగుతుంది. మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా కనిపించే .315 రైఫిల్ తూటా రెండు కిలోమీటర్లకు పైగా పోగలదు, .32 రివాల్వర్ తూటా కూడా కిలోమీటరు దాకా పోగలదు.

పన్నెండు బోరులో అంతా కార్తూసును బట్టి ఉంటుంది. ఆరో నంబరు చిన్న గుళ్లయితే సుమారు 200 మీటర్లలో శక్తి పోయి రాలిపోతాయి, కంట్లో పడితే తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. అదే ఎల్‌జీ, ఎస్‌జీ వంటి పెద్ద గుళ్లు అర కిలోమీటరు దాటి కూడా పోగలవు. బత్తాయి సోదరుడు తన దగ్గర ఏ కార్తూసులు ఉన్నాయో ముందు చూసుకోవాలి. చాలామంది ఇళ్లలో నాన్నగారో తాతగారో కొన్న పాత పెట్టె ఒకటి ఉంటుంది, అందులో ఏమున్నాయో, అవి పేలతాయో లేదో ఎవరికీ తెలియదు.

మన వైపు ఇంకొక సంగతి ఉంది. ఎండాకాలంలో ఊరూరా జనం డాబాల మీద, వాకిళ్లలో మంచాలు వేసుకుని పడుకుంటారు. కాబట్టి పైన ఆకాశం ఖాళీగా ఉన్నంతమాత్రాన అది సురక్షితమైన దిక్కు కాదు. అలాగని నేల మీదికి కాల్చమని కూడా చెప్పను. మెత్తటి దున్నిన నేల వేరు, మన చెల్కల్లో రెండు జానల కింద రాయి తగులుతుంది, చుట్టూ నల్లరాతి గుట్టలు. బండకు తగిలిన గుండు ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి.

చివరగా, చీకట్లో డబుల్ బారెల్ పేల్చితే నాళం నుంచి వచ్చే మంట వెలుగుకు కాల్చినవాడి కళ్లే కొన్ని క్షణాలు పనిచేయవు, చెవులు గింగురుమంటాయి. ఉన్నవి రెండే గుళ్లు, అందులో ఒకటి గాలిపాలు. అవతలివాడు ఎక్కడున్నాడో మీకు తెలియదు, మీరు ఎక్కడున్నారో మాత్రం అతనికి స్పష్టంగా తెలిసిపోయింది. అతని దగ్గర నాటు తుపాకి ఉంటే, మీరు తన మీదికే కాల్చారనుకుని ఎదురు కాలుస్తాడు. యుద్ధరంగంలో ఉద్యోగం చేసినవాడిగా నాకు తెలిసినంతవరకు, భయపడ్డ మనిషి చప్పుడు విని వెనక్కే పోతాడన్న హామీ లేదు.

నల్లగొండ విశ్రాంత ఎస్సై:

మాజీ సైనికుడు గారి మాటకు పోలీసు వైపు నుంచి ఒక విషయం కలుపుతాను. పత్రికల్లో "గాలిలోకి కాల్పులు" అన్న శీర్షికలు చూసి, పోలీసులే అలా చేస్తారు గదా అని జనం అనుకుంటారు. గుంపులను చెదరగొట్టే విషయంలో 1964లో ఇన్‌స్పెక్టర్ జనరళ్ల సదస్సు ఆమోదించిన నమూనా నియమాలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి. గాలిలోకి గాని, జనం తలల మీదుగా గాని హెచ్చరికగా కాల్చకూడదని, కాల్చక తప్పనప్పుడు గురి కిందికి ఉండాలని అవి చెబుతాయి. హెచ్చరిక నోటితో, మైకుతో, బ్యానరుతో ఇవ్వాలి. ఎందుకంటే తలల మీదుగా పోయిన తూటా గొడవతో సంబంధం లేని వెనుకనున్న మనిషికో, మిద్దె మీది మనిషికో తగులుతుంది. క్షేత్రంలో ఈ నియమం అన్నిసార్లూ పాటించబడిందని నేను చెప్పబోవడం లేదు, కాని నియమం మాత్రం అది.

ఇక దర్యాప్తు సంగతి. ఇది ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు గాని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మీరు గాలిలోకి కాల్చారనుకుందాం, దొంగలు పారిపోయారు. మరుసటి రోజు వారిలో ఒకడు ఠాణాకు వచ్చి, "నేను బాట వెంట పోతుంటే నన్ను చంపాలని కాల్చాడు, గుండు నా చెవి పక్క నుంచి పోయింది" అని ఫిర్యాదు ఇస్తాడు. నవ్వకండి, ఇలా వస్తారు. పాత కక్షలున్న ఊళ్లలో తప్పకుండా వస్తారు. అప్పుడు మా చేతిలో ఏముంటుంది? తుపాకి పేలిందనడానికి ఖాళీ ఖోకా, అంటే పేలిన కార్తూసు గుల్ల, ఉంది, నాళంలో మసి ఉంది, చప్పుడు విన్న సాక్షులున్నారు, మీరు కూడా ఒప్పుకుంటున్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ లేబొరేటరీ, గుళ్లు ఒక గోడకో చెట్టుకో మనిషికో తగిలి ఉంటే వాటి వ్యాప్తిని బట్టి దూరం, దిశ చెప్పగలదు. దేనికీ తగలకుండా ఆకాశంలోకి పోయిన గుండు గురించి అది ఏమీ చెప్పలేదు. హెచ్చరికగా కాల్చిన గుండుకూ, గురి తప్పిన గుండుకూ తేడా చూపే భౌతిక సాక్ష్యం ఉండదు. మిగిలేది మీ మాట, వాడి మాట. ఫిర్యాదులో ఉన్నదాన్ని బట్టి న్యాయ సంహిత 109వ సెక్షన్, అంటే హత్యాయత్నం, కింద కేసు నమోదు కావచ్చు. దానికి పదేళ్ల దాకా శిక్ష ఉంది. తరువాత కోర్టులో అది నిలవకపోవచ్చు, కాని బెయిలు కోసం తిరగవలసింది మీరు.

డల్లాస్‌లో పాలమూరు వాసి:

నేను జడ్చర్ల వాడిని, చాలా కాలంగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ మనవాళ్లు చాలామంది గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో రాత్రిపూట పని చేస్తారు కాబట్టి ఈ ప్రశ్న మాకు కూడా రోజూ ఎదురయ్యేదే. తుపాకుల దేశం గదా, అక్కడ పైకి కాలిస్తే ఎవరు అడుగుతారని ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయి అంటాడు. అడుగుతారు. టెక్సస్ శిక్షాస్మృతిలోని 9.04 సెక్షన్ ప్రకారం, అవసరమైతే వాడతానన్న భయం కలిగించడానికి మాత్రమే ఆయుధం బయటికి తీయడం ప్రాణాంతక బలప్రయోగం కాదు. కాని ఆ వెసులుబాటు ఆయుధాన్ని చూపడానికే, పేల్చడానికి కాదు. పేల్చితే లెక్క మారుతుంది. పెద్ద నగరాల హద్దులో నిర్లక్ష్యంగా తుపాకి పేల్చడం ఒక నేరం, మనిషి వైపు గాని ఇంటి వైపు గాని తెలిసి పేల్చడం అంతకంటే పెద్ద నేరం.

ఫ్లోరిడాలో జరిగిన కేసు అమెరికా అంతా చర్చకు వచ్చింది. 2010లో ఒక మహిళ, తనను కొట్టే భర్త మీద భయంతో ఇంట్లో ఒక్కసారి తుపాకి పేల్చింది. గుండు గోడకు తగిలింది, ఎవరికీ గాయం కాలేదు. అది హెచ్చరిక మాత్రమేనని ఆమె చెప్పింది. ఆ సమయంలో అక్కడ పిల్లలు కూడా ఉన్నారు. తుపాకి పేల్చిన నేరాలకు కనీస శిక్షను నిర్ణయించే అక్కడి చట్టం వల్ల 2012లో ఆమెకు 20 ఏళ్ల శిక్ష పడింది. 2013లో పై కోర్టు మళ్లీ విచారించమంది, చివరకు ఒప్పందం మీద 2015లో ఆమె విడుదలైంది. ఈలోగా 2014లో ఫ్లోరిడా శాసనసభ చట్టాన్ని సవరించి, బలాన్ని వాడే హక్కు ఉన్నచోట వాడతానని బెదిరించడానికి కూడా అదే రక్షణ ఉంటుందని చేర్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ సవరణ కూడా హక్కు ఉన్నచోటనే అన్నది. వకీలు గారు మొదట చెప్పిన సంగతి దగ్గరికే అది కూడా వచ్చి ఆగింది.

2013లో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఇంటికి ఎవరైనా వస్తే బాల్కనీలోకి వెళ్లి డబుల్ బారెల్ రెండుసార్లు పేల్చమని తన భార్యకు చెప్పానని బహిరంగంగా అన్నాడు. కొన్ని నెలల తరువాత వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన అలాగే గాలిలోకి కాల్చి, ఉపాధ్యక్షుడి సలహానే పాటించానన్నాడు. ఆయన మీద కేసు పెట్టారు.

నాగర్‌కర్నూల్ టీచరమ్మ:

ఇంతవరకు అందరూ దొంగ ఒకవైపు, రైతు ఒకవైపు అన్నట్టే మాట్లాడుతున్నారు. మన జిల్లాల్లో తుపాకి గాలిలోకి పేలిన సందర్భాలలో భూమి తగాదాలు ఎన్ని ఉంటాయో పెద్దలకు తెలుసు. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఆ రోజుల్లో గడీలో తుపాకి ఉందన్నదే ఒక హెచ్చరికగా పనిచేసేది, దాన్ని పేల్చనక్కర కూడా ఉండేది కాదు. తుపాకి చప్పుడును "హెచ్చరిక" అని పిలిచేటప్పుడు అది ఎవరు ఎవరిని హెచ్చరించడమో కూడా చూడాలని నా మనవి. ఒక ఎకరం గెట్టు దగ్గర, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం) మీద కొన్న భూమి దగ్గర, ఒకడి చేతిలో లైసెన్సు తుపాకి ఉండి రెండోవాడి చేతిలో గొడ్డలి మాత్రమే ఉంటే, గాలిలోకి పేలిన గుండు ఆత్మరక్షణ అవుతుందా, దౌర్జన్యం అవుతుందా? ఈ కోణం మీద వకీలు గారు కాస్త చెప్పాలి.

పాలమూరు వకీలు:

టీచరమ్మ గారు అడిగింది అసలైన ప్రశ్న. నా దగ్గరికి వచ్చే కేసుల్లో కూడా భూమివే ఎక్కువ. ఇక్కడ రెండు పాత తీర్పులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1968 నాటి మున్షీరామ్ కేసు. భూమి కాగితాల మీద ఇంకొకరికి అప్పగించబడింది, కాని సాగులో ఉన్నది పాత కౌలుదారే. కొనుక్కున్నవాళ్లు ట్రాక్టరుతో వచ్చి దున్నబోయారు, కౌలుదారు బంధువులు అడ్డుకుని కొట్టారు. సాగులో స్థిరపడి ఉన్నవాడికి తన ఆస్తిని కాపాడుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు వాళ్లను విడిచిపెట్టింది. ముద్దాయి ఆత్మరక్షణ అని పేరు పెట్టి అడగకపోయినా, సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు దానిని పరిగణించవచ్చునని కూడా అందులోనే చెప్పింది.

రెండవది 1963లో నివేదికల్లోకి ఎక్కిన జైదేవ్ కేసు, పంజాబ్ నుంచి వచ్చినది. అది కూడా పొలం తగాదానే. పొలంలో ఉన్నవారికి మొదట్లో ఆత్మరక్షణ హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. కాని ఎదుటివాళ్లు వెనుదిరిగి పారిపోతున్నప్పుడు, దూరంగా ఉన్నవారి మీద కాల్పులు జరిగాయి. భయానికి కారణం తొలగిపోయిన క్షణంలోనే హక్కు కూడా తొలగిపోతుందని తేల్చి శిక్షను నిలిపింది. ఒకే గొడవలో, నిమిషాల తేడాలో, హక్కు ఉన్నవాడు నేరస్థుడయ్యాడు.

గెట్టు దగ్గర తగాదా రెండు రోజుల ముందే తెలిసి ఉంటే, ఠాణాకు పోయే వ్యవధి ఉన్నట్టే, అప్పుడు 37వ సెక్షన్ అడ్డు వస్తుంది. తుపాకి వెంట తీసుకుని గెట్టు దగ్గరికి వెళ్లినవాడు ఆత్మరక్షణ కోసం వెళ్లానంటే కోర్టు నమ్మడం కష్టం. పైగా ఒక మాట గుర్తుంచుకోండి: మీ కాల్పు చట్టసమ్మతం కాకపోతే, దానికి భయపడి గొడ్డలి విసిరినవాడికి ఆత్మరక్షణ హక్కు పుడుతుంది. బెదిరించబోయి, బెదిరినవాడికి హక్కు ఇచ్చినట్టవుతుంది.

మిర్యాలగూడ మిల్లు:

అంతా విన్నాను. సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోలేను. ఎస్సై గారు చెప్పిన సాక్ష్యం సంగతి నన్ను ఆలోచనలో పడేసింది, మా కాపలా మనిషికి ఇచ్చిన సూచనలను మార్చవలసి ఉంటుంది. కాని ఈ చర్చ చదివిన రైతుకు మిగిలేది ఏమిటి? దొంగ వస్తే చేతులు కట్టుకుని కూర్చో, లేదా నేరుగా చంపు, ఈ రెండే దారులన్నట్టుంది. ఊరికి దూరంగా తోటలో ఉన్న కుటుంబానికి ఇది న్యాయమైన సలహా కాదు. పోలీసు వాహనం రావడానికి పట్టే సమయం మన మండలాల్లో ఎంతో ఎస్సై గారికి నాకంటే బాగా తెలుసు.

నల్లగొండ విశ్రాంత ఎస్సై:

తెలుసు, కాదనను. కాని ఆ రెండు దారుల మధ్య చాలా చోటు ఉంది, అందులో ఎక్కువ భాగానికి తుపాకి అక్కరలేదు. మోటారు దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మనిషి కదలికకు వెలిగే లైటు, ఇంట్లోంచి మీట నొక్కితే మోగే సైరను పెట్టించండి. కుక్కలు సరేసరి. రాగి దొంగకు కావలసింది చీకటి, నిశ్శబ్దం. ఆ రెండూ పోతే అతను వేరే తోట చూసుకుంటాడు. తలుపు గడియ వేసుకుని, లోపలి నుంచే గట్టిగా అరిచి, "తుపాకి ఉంది, పోలీసులకు ఫోన్ చేశాము" అని చెప్పండి. నోటితో ఇచ్చిన హెచ్చరికకు లైసెన్సు అక్కరలేదు, ఖోకా లెక్క అక్కరలేదు. 100కు గాని 112కు గాని చేసిన ఫోన్ సమయంతో సహా నమోదవుతుంది. తరువాత ఏదైనా జరిగితే మీరు ముందు చట్టాన్ని ఆశ్రయించారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. అసలు కేబుల్ కోసం ఇంట్లోంచి బయటికి పోకండి. కేబుల్ మళ్లీ కొనుక్కోవచ్చు.

పాలమూరు వకీలు:

ఎస్సై గారి మాటకు నా సంతకం కూడా వేసుకోండి. మిల్లు యజమాని గారికి ఒక్క మాట: చట్టం పిరికితనం నేర్పడం లేదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చట్టాన్ని గౌరవించే పౌరుడు దాడి జరిగినప్పుడు పిరికివాడిలా పారిపోవాలని ఎవరూ ఆశించరని స్పష్టంగా చెప్పింది. నిజమైన భయం ఉంటే చాలు, దాడి పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదని, ఆ క్షణంలో ఉన్న మనిషి తన బలాన్ని త్రాసులో తూచినట్టు కొలవలేడని కూడా కోర్టులు చాలాసార్లు చెప్పాయి. రాత్రివేళ మీ ఇంటి తలుపు పగులగొట్టి రాడ్లతో లోపలికి వస్తుంటే, మీ హక్కు సంపూర్ణంగా ఉంది. అప్పుడు ముందు పైకి కాల్చి తీరాలన్న నియమం కూడా ఏమీ లేదు. కాల్చి తీరవలసిన స్థితి, కాల్చకూడని స్థితి, ఈ రెండింటి మధ్య గాలిలోకి కాల్చడానికి చట్టం ప్రత్యేకంగా కేటాయించిన చోటు ఏదీ లేదన్నదే నేను చెబుతూ వస్తున్నది.

దేవరకొండ బత్తాయి:

అందరికీ కృతజ్ఞతలు. మాజీ సైనికుడు గారు చెప్పినట్టు కార్తూసుల పెట్టె తీసి చూశాను. అన్నీ ఎల్‌జీలే, అట్ట ఉబ్బిపోయి ఉన్నాయి. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. నేను నల్లగొండ మార్కెట్‌కు కాయ తోలుకుపోయిన రాత్రుల్లో ఇంట్లో నా భార్య ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే ఆమె ఆ తుపాకి తీయవచ్చునా? అలాగే, ఒకవేళ నిజంగా కాల్చవలసి వస్తే, ఆ వెంటనే చేయవలసింది ఏమిటి?

వనపర్తి మాజీ సైనికుడు:

అట్ట ఉబ్బిన కార్తూసులను నాళంలో పెట్టకండి, పెడితే ఇరుక్కుంటాయి. వాటిని ఇంట్లో పగులగొట్టే ప్రయత్నం కూడా చేయకండి. లైసెన్సు పుస్తకంతో సహా ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణంలో గాని అప్పగించి రసీదు తీసుకోండి.

పాలమూరు వకీలు:

మొదటి సందేహానికి: లైసెన్సు వ్యక్తికి ఇచ్చేది, ఇంటికి కాదు. మీరు ఊళ్లో లేనప్పుడు తుపాకిని ఆమె చేతికి అందేలా వదిలి వెళితే, లైసెన్సు షరతును మీరు ఉల్లంఘించినట్టు. ఆమె ప్రాణాపాయంలో దానిని వాడితే, చంపిన నేరానికి ఆత్మరక్షణ సమాధానం అవుతుంది గాని, లైసెన్సు లేకుండా ఆయుధం పట్టిన విషయం విడిగా వాదించుకోవలసి ఉంటుంది. ఆమెకు కూడా అవసరమని మీరు భావిస్తే, ఆమె పేరిట కలెక్టరేట్‌లో వేరుగా దరఖాస్తు చేయించండి. అంతవరకు మీరు లేని రాత్రుల్లో తుపాకి తాళంలో, కార్తూసులు వేరే చోట మరో తాళంలో ఉండాలి. ఎన్నికల నియమావళి వచ్చినప్పుడు తుపాకిని ఎలాగూ ఠాణాలో జమ చేయమంటారు, ఆ వారాల్లో మీ ఇంటి రక్షణ దేని మీద నడుస్తుందో అదే మిగతా రోజుల్లో కూడా నడిచేలా చూసుకోండి.

రెండవ దానికి: మొదట గాయపడ్డవాడి కోసం 108కి, తరువాత పోలీసులకు మీరే ఫోన్ చేయండి. వాడు దొంగైనా సరే. తుపాకిని ఖాళీ చేసి అక్కడే పెట్టండి, ఖోకాలను కదిలించకండి, తుడవకండి, రక్తం కడగకండి. ఎదుటివాడి రాడ్ ఎక్కడ పడిందో అక్కడే ఉండనివ్వండి, మీకు అనుకూలమైన సాక్ష్యం అదే. వచ్చిన అధికారికి దాడి జరిగిందని, ప్రాణభయంతో కాల్చానని చెప్పి, మిగతా వివరాలు వకీలు సమక్షంలో ఇస్తానని మర్యాదగా చెప్పండి. "పైకే కాల్చాను, పొరపాటున తగిలింది" అన్న మాట మాత్రం, అది నిజం కానప్పుడు, ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. ప్రాణరక్షణ కోసం కాల్చానన్న వాదన, పొరపాటున తగిలిందన్న వాదన ఒకే నోట రెండూ నిలవవు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రాసిక్యూటర్ మొదట పట్టుకునేది అక్కడే.

దేవరకొండ బత్తాయి:

ఆమె పేరిట దరఖాస్తు విషయం ఇంట్లో మాట్లాడి రాస్తాను. సోమవారం ఠాణాకు పోయి కార్తూసులు అప్పగిస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైటు పెట్టడానికి లైన్‌మన్‌ను అడిగితే, స్తంభానికి కాకుండా మన సొంత గుంజకు పెట్టుకోవాలన్నాడు. మోటారు దగ్గర లైటు ఈ వారంలోనే అవుతుంది. సైరను ఎవరైనా తమ తోటలో పెట్టించి ఉంటే, ఏ రకం వాననీటికి ఆగుతుందో చెప్పగలరు.

మిర్యాలగూడ మిల్లు:

మా మిల్లులో ఒకటి ఉంది, రెండు వానాకాలాలు తట్టుకుంది. ఫొటో పెడతాను.